రేవులమ్మను ఎత్తుకుపోయిన అసిరమ్మ

అనేవాళ్లు అంటూ వచ్చారు, వినేవాళ్లు వింటూ వచ్చారు, అలా మన దాకా వచ్చిన కథ ఇది. ఎప్పటిదని మాత్రం అడక్కండి. మా ముత్తవ్వను అడిగితే, "మా ముత్తవ్వే దీన్ని పాత కథ అనేది, ఇంక నాకేం తెలుసు" అని కసిరింది.

సముద్రం ఒడ్డున మొగలిపేట అని ఒక ఊరుండేది. ఊరికి ముందు సముద్రం, వెనక ఎర్రమెట్ట. ఆ రెంటికీ నడుమ వంద గుడిసెలు, ముప్పై తెప్పలు, ఒక గుడి. గుడిలో రేవులమ్మ. రేవులమ్మకి ముక్కూ మొహం ఉన్న బొమ్మ లేదు. పసుపు పూసి బొట్లు పెట్టిన మట్టి ఘటం, దాని నిండా పసుపునీళ్లు, అంతే. ఆ ఘటమే ఆ ఊరి తల్లి.

ఆ ఊళ్లో అసిరమ్మ అని ఒకావిడ ఉండేది. ఆమె మొగుడు తెప్పెక్కి వేటకెళ్లి మరి తిరిగి రాలేదు. పిల్లలు లేరు. ఆస్తి అంటారా, మూడున్నాయి. ఒక కుండ, ఒక కొబ్బరి చిప్ప, ఒక మంచి పేరు.

మొగలిపేటలో బావి తవ్వితే ఉప్పునీళ్లే పడతాయి. తాగడానికి చెలమే దిక్కు. చెలమంటే తెలుసుగా, ఇసకలో చేత్తో తవ్వుకునే గుంట. మొగలి పొదల నీడన మోచేతి లోతు తవ్వి ఓపిగ్గా కూర్చుంటే, అడుగున తియ్యటి నీరు ఊరుతుంది. ఆ నీటిని చిప్పతో తోడి, కుండకెత్తి, ఇంటింటికీ మోసేది అసిరమ్మ. ఒక ఇంట గంజి పోసేవారు. ఒక ఇంట ఎండుచేప ఇచ్చేవారు. ఒక ఇంట ఒట్టి మాటతో సరిపెట్టేవారు. ఏమిచ్చినా అసిరమ్మ "సల్లగుండండి" అనేది. కుండ సర్దుకునేది, నడిచేది.

ఆమె వచ్చే వేళకి వాకిలి తలుపులు తీసే ఉండేవి. అరుగు మీద వెండి కడియం మరిచిపోయి వేటకెళ్లినవాడు కూడా, "ఇంటికి అసిరమ్మే వచ్చెళ్లిందిలే" అంటే నిమ్మళంగా అన్నం తినేవాడు. ఊళ్లో ఎవరి మీద ఎవరికి అనుమానం వచ్చినా, అసిరమ్మ మీద మాత్రం రాలేదు. నలభై ఏళ్లు అలా గడిచాయి.

చెలమ దగ్గర నీరు ఊరేదాకా ఒంటరిగా కూర్చునే మనిషికి వేరే పనేముంటుంది? ఆ నీటినే చూస్తూ కూర్చునేది. సముద్రం పోటు మీదుంటే చెలమలో నీరు పైకొచ్చేది. పాటు మీదుంటే కిందికి దిగేది. వేలెడు దిగితే మళ్లీ వేలెడు ఎక్కేది. బెత్తెడు దిగితే బెత్తెడు ఎక్కేది. ఎంత దిగితే అంతా ఎక్కవలసిందే, నలభై ఏళ్లలో ఒక్కసారి కూడా ఆ లెక్క తప్పలేదు. ఈ సంగతి అసిరమ్మ ఎవరికీ చెప్పలేదు. నీళ్లు మోసేదాన్ని నీళ్ల గురించి అడిగేదెవరు?

ఇక రేవులమ్మ కట్టుబాటు ఒకటుంది, అది చెప్పకపోతే కథ నడవదు.

ఏడాదికొక్కసారి, సంబరం నాడు, అంటే అమ్మ జాతర నాడు, పూజారి ఘటాన్ని నెత్తిన పెట్టుకుని గడప దాటిస్తాడు. డప్పు మోగుతుంది. డప్పు మోగాక ఊళ్లో ఎవరూ ఇంట్లో ఉండకూడదు. నీళ్లలో ఉండకూడదు. చంటిపిల్ల దగ్గర్నుంచి మంచాన పడ్డ ముసలి దాకా అమ్మ వెంట నడవాలి. నడవలేనివాళ్లని మోసుకుని వెళ్లాలి. ఘటం నేలకి దిగేదాకా ఎవరూ కూర్చోకూడదు, తినకూడదు, వెనక్కి తిరిగి చూడకూడదు. ఏ ఇంటి మనిషి వెనక ఉండిపోతే ఆ ఇంటి తెప్ప మళ్లీ ఒడ్డు చేరదని ఊరికి భయం. ఈ కట్టుకి ఒక తోక కూడా ఉంది. మొగుడు పోయిన ఆడది గుడి గడప తొక్కకూడదు. ఇక ఘటాన్ని తాకడం మాటంటారా, అది నోటితో అనడానికే ఎవరికీ ధైర్యం లేదు. అసిరమ్మ సంబరం నాడు అందరి కంటే వెనక నడిచి, దూరం నుంచే దణ్ణం పెట్టుకునేది.

ఇలా ఉండగా ఒకనాటి ఉదయం భూమి కదిలింది.

మొదటిసారి కదిలితే ఉట్లు ఊగాయి. రెండోసారి కదిలితే కుండలు దొర్లాయి. మూడోసారి కదిలితే మనుషులే దొర్లారు.

అబ్బ, ఆ పొద్దు మొగలిపేటను చూడాలి! పంచె కట్టుకుంటున్నవాడు పంచె వదిలేసి పరిగెత్తాడు. బిడ్డను ఎత్తుకున్నాననుకుని ఒకావిడ చేటను గుండెకి హత్తుకుని వీధిలో పడింది, బిడ్డ ఇంట్లోంచి ఏడిస్తే గానీ తెలివిలోకి రాలేదు. అన్నదమ్ములిద్దరు, మూడేళ్లుగా మాటల్లేనివాళ్లు, ఒకరినొకరు కావలించుకుని కళ్లు మూసుకున్నారు. కదలడం ఆగాక కళ్లు తెరిచి, గబుక్కున విడిపోయి, చెరో పక్కకి చూశారు.

కదలడం ఆగిందో లేదో నోళ్లు తెరుచుకున్నాయి. "నాను గోడకి సెయ్యి అడ్డెట్టబట్టి గోడ నిలబడింది" అన్నాడొకడు. "నాకు రాత్రే కల్లో తెలిసిపోనాది" అన్నాడు ఇంకొకడు. మధ్యాహ్నానికి ఒక్కొక్కరి గోడా పెరిగి తాటిచెట్టంత అయింది. భయపడ్డవాడు ఊళ్లో ఒక్కడూ మిగల్లేదు.

ఊరి పెద్ద ఎల్లాజీ గెడ్డం నిమురుకుని తీర్పు చెప్పాడు. "భూమిని మోసే ఆదిశేషుడు తల మార్సుకున్నాడర్రా. అయిపోనాది. ఇంక నూరేళ్ల దాకా బెంగ నేదు."

రేవులమ్మ పూజారి పోతయ్య ఒప్పుకోలేదు. "అమ్మకి కోపమొచ్చింది. ఇంటికో కోడి మొక్కండి, సల్లారతాది."

చేపలమ్మే బైరమ్మ ఇద్దరినీ కసిరింది. "శేషుడు తల మార్సుకుంటే మార్సుకున్నాడు, అమ్మకి కోపమొస్తే వొచ్చింది. కడుపుకి కూడు కావాలా వొద్దా? ఎల్లండి, ఎల్లి పని సూసుకోండి."

ఇది అందరికీ నచ్చింది. పని చూసుకున్నారు. ఆ పొద్దు మాత్రం తెప్పలెవరూ దించలేదు.

అసిరమ్మ కూడా పని చూసుకుంది. దొర్లిన కుండకి పగులు లేదు కదా అని తడిమి చూసి, నెత్తిన పెట్టుకుని చెలమకి వెళ్లింది. చిప్ప ముంచబోయింది. నీరు చిప్పకి అందలేదు.

వంగి చూసింది. ఆమె చూస్తుండగానే నీరు వేలెడు దిగింది. చూస్తుండగానే బెత్తెడు దిగింది. చూస్తుండగానే అడుగున తడి కూడా ఇగిరిపోయి, ఎండిన ఇసక గలగలా జారింది. చెయ్యి పెట్టి తవ్వింది. మోచెయ్యి దాకా తవ్వింది, భుజం దాకా తవ్వింది. పొడి ఇసకే. నలభై ఏళ్లలో చెలమ అసిరమ్మను ఉత్త చేతులతో పంపడం అదే మొదలు.

అప్పుడు లేచి సముద్రం వైపు చూసింది. చూస్తే సముద్రం ఉండాల్సిన చోట లేదు.

నీళ్లు వెనక్కి వెనక్కి, ఇంకా వెనక్కి పోయాయి. ఎవరి తాతా చూడని ఇసక బయటపడింది. ఆ ఇసక మీద చందువలు, కవళ్లు, టేకులు, పేరు తెలియని చేపలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఊరంతా గంపలతో, చేటలతో, విప్పిన తలపాగాలతో పరుగు తీసింది. "పెద్ద పాటొచ్చిందిరో!" అని ఒకటే కేక. పుట్టి బుద్ధెరిగాక పోటూ పాటూ చూస్తున్నవాళ్లు కదా, పాటు కాస్త పెద్దదయింది అనుకున్నారు. "పొద్దున్న అమ్మ భయపెట్టింది, ఇప్పుడు అమ్మే పెడతంది" అని దణ్ణాలు పెట్టుకుంటూ మరీ ఏరుకున్నారు. వల అక్కర్లేకుండా, తెప్ప తొయ్యకుండా, చేపలు వాటంతటవే కాళ్ల దగ్గర పడుంటే ఏ పల్లెవాడు ఇంట్లో కూర్చుంటాడు? వాళ్లననడానికి నాకు నోరు రాదు. నేనున్నా గంప పట్టుకునే వెళ్లేవాణ్ణి.

అసిరమ్మ గంప పట్టలేదు. కుండ పొద దగ్గర వదిలేసి పరిగెత్తి ఎల్లాజీ దగ్గరికి వెళ్లింది. ఎల్లాజీ రెండు చంకల్లో రెండు చేపలు ఇరికించుకుని మూడోదాన్ని కాలితో తొక్కిపట్టాడు.

"పెద్ద బాబూ, సెలమ ఎండిపోనాది. ఇంత పాటుకి ఎంత పోటు రావాలో సూడు బాబూ. ఎంత దిగితే అంతా ఎక్కుతాది. ఊరిని ఎర్రమెట్ట ఎక్కించు."

"పోటూ పాటూ నాకు నేర్పతన్నావేటే?" అన్నాడు ఎల్లాజీ. "నా గెడ్డం ఉప్పుగాలికి నెరిసింది. నువ్వు తెప్పెక్కినావా, సుక్కాని పట్టినావా? ఎల్లు, ఎల్లు."

పోతయ్య దగ్గరికి వెళ్లింది. "పూజారి బాబూ, నీ మాటైతే ఇంటారు. ఒక్క కేకెయ్యి బాబూ."

"అమ్మ నాకు సెప్పకుండా నీకు సెప్పిందేటి?" అన్నాడు పోతయ్య. అతని మొహం చిన్నబోయింది. అమ్మ తనకేమీ చెప్పడం లేదని పొద్దుటి నుంచీ అతనికి లోపల్లోపల బెంగగానే ఉంది. ఆ బెంగంతా అసిరమ్మ మీద కసురుగా వచ్చింది.

బైరమ్మ దగ్గరికి వెళ్లింది. బైరమ్మ పక్కగుడిసె మనిషి, వరసకి అప్ప, అంటే అక్క, జ్వరమొస్తే గంజి కాచి పోసే మనిషి. "అప్పా, నువ్వైనా రా అప్పా. బేగి రా."

బైరమ్మ కసరలేదు. మెత్తగా నవ్వి, తడి చేతులు కొంగుకి తుడుచుకుని అసిరమ్మ బుగ్గ నిమిరింది. "పొద్దున్న భయానికి నీకు మతి సెదిరింది సెల్లీ. ఇదిగో, ఈ రెండు సేపలు తీస్కో. పోయి కూరొండుకుని తొంగో." అని ఆమె చేతిలో రెండు చందువలు పెట్టింది.

ఆ మెత్తదనానికే అసిరమ్మకి ఏడుపొచ్చింది. కసిరినవాళ్లతో అయితే వాదించొచ్చు, ఇలా బుగ్గ నిమిరినదానితో ఏమని వాదిస్తుంది? చేపలు కింద పెట్టేసి ఒడ్డుకి నడిచింది.

ఒడ్డున రేవులమ్మ గుడి. తలుపు తీసే ఉంది. పూజారి చేపలేరుకోవడానికి పోయాడు కదా.

అసిరమ్మ గడప ముందు నిలబడింది. గుడి వైపు చూసింది. ఎర్రమెట్ట వైపు చూసింది. చేపల మీద వంగిన ఊరి వైపు చూసింది. తన మాటకి వాళ్లు కదలరని తెలిసిపోయింది. వాళ్లని కదిలించేది ఈ లోకంలో ఒక్కటే ఉంది. దాన్ని ముట్టుకుంటే తన గతి ఏమవుతుందో కూడా ఆమెకి తెలుసు. దొంగ అంటారు. అమ్మను మైలపరిచింది అంటారు. మరి ఏ వాకిలీ తెరుచుకోదు, ఏ ఇంటా గంజి పుట్టదు, ముసలితనంలో ఊరొదిలి పోవాలి. ఉన్న మూడు ఆస్తుల్లో మంచి పేరే పెద్దది. అది పోతే మిగతా రెండూ ఎందుకు?

అయినా చేతులు జోడించింది.

"అమ్మా, ఒక్క సెనం కళ్లు మూసుకో. నాను గడప తొక్కినట్టు నువ్వు సూడకు."

గడప తొక్కింది. చీర చెంగు చుట్టి కుదురు చేసుకుంది. ఘటాన్ని ఎత్తి నెత్తిన పెట్టుకుంది. బరువే గానీ, ఆ తల ఎరిగిన బరువే. బయటికొచ్చి, పుట్టినప్పటి నుంచి ఎవరి మీదా గొంతెత్తని మనిషి గొంతు చించుకుని అరిచింది.

"ఓ మొగలిపేటోళ్లారా! మీ అమ్మని ఎత్తుకుపోతన్నాను! సేతనైతే వొచ్చి పట్టుకోండి!"

వంగినవాళ్లంతా లేచారు. లేచినవాళ్లంతా నోళ్లు తెరిచారు. పచ్చటి ఘటం అసిరమ్మ నెత్తి మీద ఎర్రమెట్ట వైపు పోతోంది.

"ఓలమ్మో! దొంగ! దొంగ!"

ఒక్క ఊపున గంపలు కింద పడ్డాయి. ఏరిన చేపలు ఏరినట్టే పోయాయి. ఎల్లాజీ చంకల్లో చేపలు ఏమయ్యాయో ఎల్లాజీకే తెలియదు. "అమ్మ గడప దాటిందిరా! డప్పు కొట్టండిరా!" అని ఎల్లాజీ అరిచాడు. డప్పు మోగింది. డప్పు మోగితే మరి కట్టు కట్టే. దొంగ ఎత్తుకుపోయినా అమ్మ అమ్మే కదా, వెనక ఉండిపోతే ఎలా? గుడిసెల్లోకి పరిగెత్తి ఉయ్యాల్లోని పిల్లల్ని లాక్కున్నారు. గుడ్డి తాతని వీపున వేసుకున్నారు. కాళ్లు పడిపోయిన అవ్వని మంచంతో సహా నలుగురు ఎత్తుకున్నారు. బాలింతల్ని రెక్కలు పట్టి నడిపించారు. ఒక్క మనిషి మిగలకుండా ఊరంతా అసిరమ్మ వెంట పడింది, నిలువునా చీరేసేంత కోపంతో.

అరవై ఏళ్ల ముసలిదాన్ని పట్టుకోవడం ఎంతసేపు అనుకుంటున్నారు కదూ? వాళ్లూ అలాగే అనుకున్నారు. కానీ ఇసకలో బరువుతో నడవడం ఆ ఊళ్లో అసిరమ్మకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. తెడ్డు వేసిన కండలు ఇసకలో కూరుకుపోయాయి. నీళ్లు మోసిన కాళ్లు కూరుకోలేదు.

వెనక నుంచి ఎల్లాజీ గొంతు. "ఆగు! ఆగకపోతే ఊర్నించి ఎలేస్తాం!"

అసిరమ్మ ఘటం సర్దుకుంది, నడిచింది.

వెనక నుంచి పోతయ్య గొంతు. "ఆగు! ఆగకపోతే నీ సెయ్యి పడిపోతాది!"

అసిరమ్మ ఘటం సర్దుకుంది, నడిచింది.

వెనక నుంచి బైరమ్మ గొంతు. బైరమ్మ ఏడుస్తోంది. "ఒలే అసిరీ! నిన్ను తోడబుట్టినదాన్లాగ సూసుకున్నాను కదే! నువ్వా దొంగవి!" ఆ కోపంలో ఏం చేస్తోందో తెలియక కిందికి వంగి, రాయి తీసి విసిరింది. రాయి అసిరమ్మ చెవి వెనక తగిలింది. రక్తం మెడ మీదుగా రవిక దాకా కారింది.

ఆ దెబ్బకి అసిరమ్మ తూలింది. కళ్ల ముందు చీకటి కమ్మింది. ఘటంలో నీళ్లు అటూ ఇటూ ఊగాయి. ఒక్క చుక్క చిందలేదు. అసిరమ్మ ఘటం సర్దుకుంది, నడిచింది.

ఎర్రమెట్ట నెత్తి మీదికి వచ్చాక గానీ ఆగలేదు. అక్కడ వెనక్కి తిరిగి నిలబడింది. ఊరంతా రొప్పుతూ వచ్చి ఆమె ఎదుట మూగింది. కొట్టడానికి చేతులెత్తారు గానీ ఘటం నెత్తి మీదున్న మనిషిని ఎలా కొడతారు? చేతులు అలాగే గాలిలో ఉండిపోయాయి.

"అమ్మని దించు" అన్నాడు ఎల్లాజీ.

"దించను."

"అమ్మని దించు" అన్నాడు పోతయ్య.

"దించను."

"దించీయే తల్లీ" అంది బైరమ్మ, తన రాయి తగిలిన చోట కారే రక్తాన్ని చూడలేక.

"దించనప్పా."

ఘటం నేలకి దిగిందా, కట్టు తీరిపోతుంది. మళ్లీ చేపల మీదికి పోతారు. ఆమెకది తెలుసు. దిగనంతసేపూ ఎవరూ కూర్చోకూడదు, వెనక్కి తిరిగి చూడకూడదు. అందుకని ఊరు ఊరంతా సముద్రానికి వీపు పెట్టి, అసిరమ్మ మొహంలోకే చూస్తూ నిలబడింది. సముద్రాన్ని చూస్తున్నది అసిరమ్మ ఒక్కతే.

సముద్రం ఎక్కడో దూరంగా, ఎండలో మెరుస్తూ, ఏమీ ఎరగనట్టు ఉంది.

ఎంతసేపు నిలబడిందో! మెడ నరాలు బిగుసుకున్నాయి. సముద్రం రాలేదు. ఎదురుగా ఉన్న కళ్లలో కోపం పోయి అసహ్యం వచ్చింది. అది కోపం కంటే ఎక్కువ బాధ పెట్టింది. నా లెక్క తప్పిందేమో అనుకుంది అసిరమ్మ. ఆ అనుకోవడంతోనే ఆమె మనసుకి ఎంత హాయి కలిగిందో చెప్పలేను. తప్పితే తప్పనీ! లోపల్లోపల అమ్మతో చెప్పుకుంది.

"తల్లీ, రానీకు. నా లెక్క తప్పు సెయ్యి. ఈ గుడిసెలన్నీ ఇలాగే ఉండనీ, ఈ పిల్లలు ఆ ఇసకలోనే ఆడుకోనీ. నాను దొంగగానే ఉంటాను. ఊర్నించి తరిమీసినా పోతాను. రానీకు తల్లీ."

మంచి పేరు తప్ప మరేమీ లేని మనిషి ఆ మాట అనుకుంది. దీనికే నేను ఈ కథ చెబుతాను.

చివరికి పోతయ్య ముందుకొచ్చాడు. ఘటాన్ని ముట్టుకునే హక్కు అతనికొక్కడికే ఉంది. రెండు చేతులూ చాచి ఘటాన్ని పట్టుకోబోయాడు. పట్టుకోబోయి, అసిరమ్మ మొహం చూసి ఆగిపోయాడు. ఆమె కళ్ల వెంట నీళ్లు ధారగా కారుతున్నాయి. ఆమె అతన్ని చూడడం లేదు, అతని భుజం మీదుగా దూరానికి చూస్తోంది.

"వొచ్చీసింది" అంది అసిరమ్మ.

అప్పుడు చప్పుడు వినిపించింది. కట్టు గిట్టు మరిచి అందరూ వెనక్కి తిరిగారు. పోయిన సముద్రమంతా గోడలా లేచి తిరిగి వస్తోంది. మొదటిసారి వచ్చి తెప్పల్ని తీసుకుంది. రెండోసారి వచ్చి గుడిసెల్ని తీసుకుంది. మూడోసారి వచ్చి రేవులమ్మ గుడిని తీసుకుని, ఎర్రమెట్ట నడుము దాకా ఎక్కి, అక్కడ ఆగి, బురద మిగిల్చి వెళ్లిపోయింది.

అప్పుడు ఎల్లాజీ ఇంటి పేర్లు పిలవడం మొదలుపెట్టాడు. ఒక్కొక్క ఇంటివాళ్లూ "ఉన్నాం" అన్నారు. గుడ్డి తాత "ఉన్నాను" అన్నాడు. మంచం మీది అవ్వ "ఉన్నాను" అంది. మాటలు రాని పిల్లల తరఫున తల్లులు పలికారు. వంద ఇళ్ల పేర్లు పిలిస్తే వంద ఇళ్లూ పలికాయి. ఎల్లాజీ ఇంక పిలవడానికి పేరు లేక, మొహం చేతుల్లో పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

అసిరమ్మ ఇంకా అలాగే నిలబడి ఉంది. నెత్తి మీద ఘటం ఉంది. పోతయ్య ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. "అమ్మా, దించమ్మా" అన్నాడు. ఘటాన్ని అన్నాడో ఆమెనే అమ్మా అన్నాడో అతనికే తెలియదు.

అసిరమ్మ దించింది. దించి, ఆ పక్కనే కూలబడింది. "గడప తొక్కీసినాను బాబూ. అమ్మని ముట్టీసినాను. తప్పయిపోనాది" అంది.

బైరమ్మ తన చీర చెంగు చించి, ఆమె తలకి కట్టు కట్టింది.

"నా సెయ్యి ఇరిగిపోనూ! నిన్ను రాయెట్టి కొట్టినాను సెల్లీ."

"కొట్టినావు గానీ ఎనకాలే వొచ్చినావు కదప్పా" అంది అసిరమ్మ. "రాకపోతే నాను ఏటయిపోదును?"

ఆ మాటకి బైరమ్మ ఆమెను కావలించుకుని ఏడ్చిన ఏడుపు మెట్ట మీద అందరూ విన్నారు. విన్నవాళ్లంతా ఏడ్చారు. బతికున్నందుకు వచ్చిన ఏడుపది, ఎవరూ ఎవరినీ ఊరుకోమనలేదు.

మూడు రోజుల తర్వాత ఎర్రమెట్ట మీదే పంచాయితీ కూర్చుంది. నవ్వకండి, దొంగతనం జరిగితే పంచాయితీ జరగాలి కదా! ఎల్లాజీ గెడ్డం నిమురుకున్నాడు. "తప్పు తప్పే. అమ్మని దొంగతనంగా ఎత్తుకుపోనాది. దీనికి శిచ్చ ఏటంటే, బతికున్నన్నాళ్లూ యేటా సంబరానికి ఆ ఘటం ఈ అసిరమ్మే మొయ్యాలి. ఇంకెవలూ ముట్టుకోకూడదు."

ఊరంతా ఘొల్లున నవ్వింది. పోతయ్య అందరికంటే గట్టిగా అరిచాడు, సంతోషంతో. అసిరమ్మ మాత్రం సిగ్గుపడి తల దించుకుని, "మంచి శిచ్చే ఏసినావు బాబూ. మెడ నొప్పెడతాది" అంది.

గుడిసెలు మళ్లీ లేచాయి, ఈసారి మెట్ట ఒడిలో. తెప్పలు మళ్లీ కట్టుకున్నారు. ఘటం దించిన చోటే రేవులమ్మకి గుడి కట్టారు. అసిరమ్మ పద్నాలుగు సంబరాలు మోసింది. మామూలు రోజుల్లో చెలమ నీళ్లే మోసింది, ఎంతమంది వద్దన్నా. పదిహేనో ఏడు ఒక మధ్యాహ్నం బైరమ్మ ఒడిలో తల పెట్టుకుని, ఆనాడు మెట్ట మీద అమ్మను లోపల్లోపల ఏం కోరుకుందో చెప్పి, అలాగే నిద్రపోయింది. మళ్లీ లేవలేదు. ఆమెను మెట్ట మీదే, సముద్రం కనబడేలా పూడ్చిపెట్టారు.

ఆమె పోయాక ఊరికి పెద్ద చిక్కొచ్చి పడింది. ఘటం ఎవరు మొయ్యాలి? పోతయ్య మొయ్యనన్నాడు. "అది ఆయమ్మ తల మీద కూకున్న ఘటం, నా తల మీద నిలవదు" అన్నాడు. అప్పటి నుంచి మొగలిపేటలో కొత్త కట్టు వచ్చింది, ఇవాళ్టికీ నడుస్తోంది.

సంబరం నాడు మొగుడు పోయిన ఆడదే గుడి గడప తొక్కుతుంది. ఊళ్లో అందరికంటే బీదదాన్ని చూసి ఎంచుతారు. ఆ పొద్దుకి ఆమే అసిరమ్మ. ఆమె ఘటం ఎత్తుకుని పరుగెత్తుతుంది. ఊరంతా "దొంగ! దొంగ!" అని అరుస్తూ వెంటపడుతుంది. పిల్లలు ఆమె మీదికి రాళ్లకి బదులు బంతిపూలు విసురుతారు. మెట్ట నెత్తిన ఆమె ఆగి తిరుగుతుంది. పూజారి మూడుసార్లు "దించు" అంటాడు. ఆమె మూడుసార్లు "దించను" అంటుంది.

అప్పుడు డప్పు ఆగిపోతుంది. అందరూ సముద్రానికి వీపు పెట్టి, ఊపిరి బిగబట్టి, ఆ బీదరాలి మొహంలోకే చూస్తారు. ఆమె ఒక్కతే సముద్రాన్ని చూస్తుంది. చాలాసేపు చూస్తుంది. చంటిపిల్లలు కూడా ఎందుకో ఆ సేపు ఏడవరు. చూసి చూసి ఆమె తల ఊపి, "రానేదు" అంటుంది.

ఆ మాట చెవిన పడగానే ముసలివాళ్లు కళ్లు తుడుచుకుంటారు. పడుచువాళ్లు తలపాగాలు ఎగరేస్తారు. మొగలిపేట మొగలిపేటంతా ఒక్క గొంతుతో అరుస్తుంది.

"ఈ యేడు కూడా మా అసిరమ్మ దొంగేరో!"